పంటి నొప్పికి సెలవు పెట్టే రోజు రాకముందే

పంటి నొప్పితో ఒక ఉద్యోగి సెలవు పెట్టాడంటే ఆ జబ్బు ఆ పూట పుట్టింది కాదు. నెలల కిందటే చల్లనీళ్లు తాగినప్పుడు పన్ను జివ్వుమని ఉంటుంది. ఆ తర్వాత ఆ పక్క నమలడం మానేసి ఉంటాడు. ఆడిట్ అయ్యాక చూద్దాం, క్వార్టర్ ఎండింగ్ గడవనీ, అప్రైజల్ తేలనీ అనుకుంటూ నెట్టుకొచ్చి ఉంటాడు. చివరికి ఏ అర్ధరాత్రో సలుపు మొదలై, తెల్లవారితే క్లయింట్ మీటింగ్ అనగా మంచం మీద లేచి కూర్చుంటాడు.

వాయిదా వేసినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. డెడ్‌లైన్లు నిజం, టార్గెట్లు నిజం, సెలవు అడగగానే మేనేజర్ ముఖం మారడమూ నిజం. కానీ పళ్ల విషయంలో వాయిదాకు ఒక ఖరీదు ఉంది. జబ్బు ఒక్కో మెట్టు ముదిరేకొద్దీ డబ్బూ, సెలవూ రెండూ పెరుగుతాయి. ఏ మెట్టు దగ్గర ఎంత సమయం పోతుందో తెలిస్తే పని చెడకుండానే పళ్లు కాపాడుకోవచ్చు.

పన్ను పుచ్చే క్రమం, దానికయ్యే సెలవు

పళ్ల మీద పాచి రోజూ పేరుకుంటుంది. అందులోని బ్యాక్టీరియా మనం తినే చక్కెరనూ పిండి పదార్థాలనూ వాడుకుని ఆమ్లం తయారుచేస్తుంది. పంటి దగ్గర పీహెచ్ 5.5 కంటే దిగితే పైపొర ఎనామిల్ నుంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. తిన్న అరగంట నుంచి గంటలోపు లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేసి, పోయిన ఖనిజాన్ని కొంతవరకు తిరిగి చేరుస్తుంది. ఆ మరమ్మతుకు వ్యవధి దొరక్కుండా మాటిమాటికీ ఏదో ఒకటి తింటూ తాగుతూ ఉంటే పన్ను పుచ్చుతుంది.

మొదటి మెట్టులో పంటి మీద సుద్దలాంటి తెల్ల మచ్చ కనిపిస్తుంది. ఎనామిల్‌లో నరం లేదు కాబట్టి నొప్పి ఉండదు. ఈ దశలో దొరికితే ఫ్లోరైడ్ పూతతో, శుభ్రతతో ఆపొచ్చు. డ్రిల్లింగ్ అవసరం రాదు.

రెండో మెట్టులో గుంట లోపలి పొర డెంటిన్‌కు చేరుతుంది. చల్లనిదో తీపిదో తగిలితే జివ్వుమని, అది తీసేయగానే ఆగిపోతుంది. దీనికి ఫిల్లింగ్ చాలు. ఒక సిట్టింగ్, అరగంట నుంచి గంట. ఆఫీసు అయ్యాక సాయంత్రం వెళ్లి రావచ్చు. సెలవు అక్కర్లేదు, ఖర్చు మామూలుగా వందల్లోనో ఒకటి రెండు వేల లోపో తేలుతుంది.

మూడో మెట్టులో నరం, రక్తనాళాలు ఉండే లోపలి గుజ్జు వాస్తుంది. గుర్తు స్పష్టంగా ఉంటుంది. చల్లనిది తగిలించి తీసేసినా నొప్పి నిమిషాల తరబడి ఆగదు. వేడి టీకి కూడా లాగుతుంది. రాత్రి పడుకోగానే ఎక్కువవుతుంది. ఇక ఫిల్లింగ్‌తో పని కాదు, రూట్ కెనాల్ చేయాలి. పంటిని బట్టి 1 నుంచి 3 సిట్టింగులు, ఆపైన క్యాప్ కోసం మరో రెండుసార్లు తిరగాలి. మొత్తం రెండు మూడు వారాల వ్యవహారం. ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

నాలుగో మెట్టులో నరం చచ్చిపోతుంది. అందరూ మోసపోయే చోటు ఇదే. నరం చచ్చాక నొప్పి ఉన్నట్టుండి మాయమవుతుంది. తగ్గిపోయిందనుకుని డాక్టర్ అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటారు. ఇన్‌ఫెక్షన్ మాత్రం వేరు కొన దాటి ఎముకలోకి పాకుతూనే ఉంటుంది. కొన్ని వారాలకో నెలలకో దవడ వాచి, చీము పడుతుంది. ఏ చికిత్సా లేకుండా నొప్పి పోయిందంటే అప్పుడే తప్పకుండా చూపించుకోవాలి.

చివరి మెట్టు పన్ను తీసేయడం. తీయడం చవకే. ఆ ఖాళీని నింపడమే ఖరీదు. బ్రిడ్జ్ పెట్టాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్ పెడితే ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది, ఖర్చు పదివేలల్లో ఉంటుంది. ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను దిగుతుంది.

రిలీజ్ ముందు నొప్పి వస్తే

ఒక కేసు చూద్దాం. మాదాపూర్‌లో సపోర్ట్ ప్రాజెక్టులో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడు. శనివారం రిలీజ్. గురువారం రాత్రి కింది దవడ పన్ను సలపడం మొదలైంది. మందుల షాపుకు వెళ్లి పెయిన్‌కిల్లర్, యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకున్నాడు. రెండు రోజుల్లో తగ్గింది, రిలీజ్ అయింది, సంగతి మరిచిపోయాడు. మూడు వారాల తర్వాత దవడ వాచి, నోరు తెరుచుకోక, జ్వరంతో నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఆ వాపులో మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయదు కాబట్టి ముందు చీము తీసి, ఆ తర్వాతే అసలు చికిత్స మొదలుపెట్టాల్సి వచ్చింది.

యాంటీబయాటిక్ పంటి లోపలి గుజ్జు దాకా సరిగా చేరదు. అక్కడ చచ్చిన కణజాలం ఉన్నంతకాలం ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. పెయిన్‌కిల్లర్లు రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు. లవంగ నూనె కాసేపు ఉపశమనం ఇస్తుంది కానీ ఎక్కువ పూస్తే చిగురు కాలుతుంది. ఆస్పిరిన్ బిళ్లను చిగురు పక్కన పెట్టుకుంటే అక్కడ తెల్లగా ఉడికినట్టు పుండు పడుతుంది. నొప్పి బామ్ నోటి లోపల రాయకూడదు.

అతను చేయాల్సింది వేరు. శుక్రవారం ఉదయం షిఫ్ట్ దిగగానే నేరుగా డెంటిస్ట్ దగ్గరికి వెళ్లి, ‘రేపు రిలీజ్ ఉంది, ఈ రోజుకు నొప్పి తగ్గేలా చూడండి, మిగతా సిట్టింగులు వచ్చే వారం’ అని చెప్పాలి. పన్ను తెరిచి లోపలి ఒత్తిడి తీసేస్తే ఆ ఒక్క సిట్టింగ్‌లోనే నొప్పి చాలావరకు దిగుతుంది. దానికి గంటకు మించి పట్టదు. తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టి పంపిస్తారు. మిగిలింది రిలీజ్ తర్వాత తీరిగ్గా చేయించుకోవచ్చు. ఇలా విడగొట్టవచ్చని తెలియకే చాలామంది మొత్తం పని వాయిదా వేస్తారు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. మొదటిది, కింది దవడకు మత్తు ఇస్తే పెదవి, నాలుక రెండు నుంచి నాలుగు గంటలు మొద్దుబారి ఉంటాయి. మాట తడబడుతుంది. ఆ సమయంలో కాల్, ఇంటర్వ్యూ, ప్రెజెంటేషన్ పెట్టుకోకండి. మొద్దు వదిలేదాకా వేడివి తినకండి, బుగ్గ కొరుక్కున్నా తెలియదు. రెండోది, నొప్పి పోయింది కదా అని మిగతా సిట్టింగులు ఎగ్గొట్టకండి. తాత్కాలిక ఫిల్లింగ్ కొన్ని వారాలకే అరిగి కారుతుంది, ఇన్‌ఫెక్షన్ మళ్లీ లోపలికి పోతుంది. మూడోది, రూట్ కెనాల్ అయ్యాక దవడ పళ్లకు క్యాప్ వేయించుకోవాలి. లోపల తొలిచిన పన్ను బలహీనంగా ఉంటుంది. క్యాప్ డబ్బులు వచ్చే నెల చూద్దామనుకుంటే ఏ చేగోడీనో కొరికినప్పుడు నిలువునా చీలుతుంది. వేరు దాకా చీలిన పన్నును తీసేయడం తప్ప దారి లేదు. అప్పటిదాకా పెట్టిన డబ్బంతా వృథా.

డెస్క్ దగ్గర జరిగే నష్టం

ఆఫీసులో పళ్లకు చేటు చేసేది ఎంత చక్కెర తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది. లెక్క వేసి చూడండి. ఉదయం టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం. వీటి మధ్య చక్కెర వేసిన టీలు ఐదు, పక్కన రెండు బిస్కట్లు. ఒక్కో టీకి నోట్లో అరగంట ఆమ్లం అనుకున్నా, టీల వల్లే రోజుకు రెండున్నర గంటలు ఎనామిల్ కరుగుతుంది. ఆ టీని లాప్‌టాప్ పక్కన పెట్టుకుని గంటసేపు గుటక గుటకగా తాగితే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది.

టీ మానేయమని చెప్పడం లేదు. ఐదును మూడు చేయండి. పది నిమిషాల్లో తాగి ముగించండి. వెంటనే మంచినీళ్లతో నోరు పుక్కిలించండి. సగం టీలు చక్కెర లేకుండా తాగడం అలవాటు చేసుకోండి. బిస్కట్లు పంటి సందుల్లో అతుక్కుని ఎక్కువసేపు ఉంటాయి, వాటి బదులు పల్లీలో వేయించిన శనగలో మేలు.

నైట్ షిఫ్టులో మెలకువ కోసం తాగే కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు రెండు విధాలా చెడ్డవి. వాటిలో చక్కెరతో పాటు నేరుగా ఆమ్లమే ఉంటుంది. డైట్ రకాల్లో చక్కెర లేకపోయినా ఆమ్లం ఉంటుంది. ఉదయాన్నే తాగే నిమ్మరసం నీళ్లూ అంతే. ఇలాంటివి తాగిన వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడ్డ ఎనామిల్ అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి.

షిఫ్ట్ ఉద్యోగులకు మరో మాట. రాత్రి తోముకోమంటారు కదా, అది గడియారం కోసం చెప్పిన మాట కాదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, అందుకే పడుకోబోయే ముందు పళ్లు శుభ్రంగా ఉండాలి. మీరు ఉదయం 8 గంటలకు టిఫిన్ తిని పడుకునేవాళ్లయితే మీకు అదే రాత్రి. ఇడ్లీ తిని నేరుగా మంచమెక్కితే ఆ పిండి ఏడెనిమిది గంటలు పళ్ల మీదే ఉంటుంది. బ్రష్ చేసి పడుకోండి.

రోజంతా ఏసీ గదిలో మాట్లాడే ఉద్యోగాల్లో నోరు ఎండిపోతుంది. బీపీ, అలర్జీ, డిప్రెషన్ మందుల్లో కొన్ని కూడా నోటిని ఎండబెడతాయి. నోరు ఎండితే పళ్లు తొందరగా పుచ్చుతాయి. నీళ్ల సీసా దగ్గర పెట్టుకుని మధ్యమధ్యలో తాగుతూ ఉండండి. మందులు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా ఆపకండి.

చిగుళ్లు: నొప్పి లేకుండా పళ్లు ఊడగొట్టే జబ్బు

పుచ్చు పన్ను నొప్పి పెట్టి హెచ్చరిస్తుంది. చిగుళ్ల జబ్బు నొప్పితో హెచ్చరించదు. పాచిని రోజూ తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. గారను ఏ బ్రష్షూ తీయలేదు. దాని చుట్టూ చిగురు వాచి, తోముకునేటప్పుడు రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేయిస్తే చిగురు పూర్తిగా కోలుకుంటుంది. వదిలేస్తే పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. నలభై దాటాక పుచ్చు ఒక్కటీ లేని పళ్లు కదిలి ఊడిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ పెట్టడం మానేయడం మొదటి పొరపాటు. పాచి ఇంకా పేరుకుని రక్తం ఇంకా ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్‌తో అక్కడే జాగ్రత్తగా తోమాలి. ఒకటి రెండు వారాల్లో తగ్గకపోతే స్కేలింగ్, అంటే డాక్టర్ దగ్గర గార తీయించడం, చేయించాలి.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని, సందులు పడతాయని ఒక భయం జనంలో ఉంది. సందులు స్కేలింగ్ వల్ల రావు. ఎముక కరిగినప్పుడే వచ్చాయి, గార వాటిని పూడ్చి కనపడనివ్వలేదు. గార తీసి, వాపు తగ్గాక అవి బయటపడతాయి. కొన్నాళ్లు చల్లనిది తగిలితే జివ్వుమంటుంది, క్రమంగా తగ్గుతుంది. అలాగే పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న భయానికీ ఆధారం లేదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

షుగర్ ఉన్నవాళ్లు ఈ విభాగాన్ని రెండుసార్లు చదవాలి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల ఇన్‌ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. కంపెనీ ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్‌లో షుగర్ ఎక్కువని తేలితే అదే నెలలో పళ్లూ చూపించుకోండి. సిగరెట్ తాగేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. నికోటిన్ రక్తనాళాలను కుంచించడం వల్ల చిగురు లోపల దెబ్బతింటున్నా రక్తం పెద్దగా రాదు. రక్తం రావడం లేదు కాబట్టి బాగుందనుకోవద్దు.

గర్భిణులైన ఉద్యోగినులకు హార్మోన్ల మార్పు వల్ల చిగుళ్లు తొందరగా వాస్తాయి. పంటి చికిత్సకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం అనువైనది. గర్భవతినని డాక్టర్‌కు ముందే చెప్పి, మెటర్నిటీ లీవ్ మొదలయ్యేలోపే ఆ పనులు ముగించుకోవడం మంచిది. కాన్పు తర్వాత నెలల పాటు మీకోసం గంట తీరిక దొరకడం కష్టం.

ఒత్తిడి పళ్ల మీద పడితే

టార్గెట్ల ఒత్తిడిలో ఉన్నవాళ్లలో కొందరు నిద్రలో పళ్లు కొరుకుతారు. వాళ్లకు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. ఉదయం లేవగానే దవడ పట్టేయడం, కణతల దగ్గర తలనొప్పి, పంటి అంచులు చదునుగా అరగడం, పుచ్చు లేకపోయినా పళ్లు జివ్వుమనడం దీని గుర్తులు. మీ నోటి కొలత తీసుకుని చేసే నైట్‌గార్డ్ పెట్టుకుంటే పళ్లు అరగడం ఆగుతుంది. పగలు స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు ఒకసారి గమనించుకోండి. పెదవులు కలిసి ఉండాలి, పై పళ్లూ కింది పళ్లూ మాత్రం విడివిడిగా ఉండాలి. దవడ బిగించి ఉందని తెలిసినప్పుడల్లా వదులు చేయండి.

ఖైనీ, గుట్కా, వక్కపొడి

లారీ డ్రైవర్లు, రాత్రి కాపలా కాసేవాళ్లు, సైట్లలో పనిచేసేవాళ్లు నిద్ర ఆపుకోవడానికి వీటిని బుగ్గన పెట్టుకుంటారు. పొగాకు లేని వక్కపొడి మంచిదేననుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. వక్క నమిలేవాళ్లలో బుగ్గ లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. ముందు కారం తగిలితే మంట, తర్వాత ఒక్కో మిల్లీమీటరు చొప్పున నోరు మూసుకుపోతుంది. ఒకసారి పోయిన సాగుదల పూర్తిగా తిరిగి రాదు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడింటినీ ఒకదాని కింద ఒకటి నిలువుగా పై, కింది ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి. మూడూ పట్టకపోతే ఆ వారమే డెంటిస్ట్‌కు చూపించండి. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గడ్డ ఏది కనిపించినా అంతే. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోటి లోపలికి పెట్టి చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా కొందరు ఆడవాళ్లలో ఉంది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. మీ ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో ఆ అలవాటుంటే అంగిలి చూపించి తీసుకురండి.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి

కనీసం బీడీఎస్ చదివి, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదైన వ్యక్తే పళ్ల వైద్యం చేయాలి. కష్టమైన రూట్ కెనాల్, జ్ఞానదంతం సర్జరీ లాంటివాటికి ఆ విభాగంలో ఎండీఎస్ చేసినవాళ్లు ఉన్నారేమో అడగండి. కుర్చీలో కూర్చునేముందు ఈ ప్రశ్నలకు జవాబు తీసుకోండి. ఎక్స్‌రేలో ఏం కనిపిస్తోంది, నాకు చూపిస్తారా? ఇది చేయించకపోతే ఏమవుతుంది? ఇంకో మార్గం ఉందా? క్యాప్‌తో సహా మొత్తం ఖర్చెంత, కాగితం మీద రాసిస్తారా? ఎన్ని సిట్టింగులు, ఒక్కోటి ఎంతసేపు?

నొప్పి ఏమీ లేకుండా మామూలు చెకప్‌కు వెళితే ఒకేసారి ఐదారు రూట్ కెనాల్స్ అన్నారనుకోండి. అబద్ధమని తేల్చేయకండి, అలాగని అడ్వాన్సూ కట్టేయకండి. ఎక్స్‌రే తీసుకుని ఇంకో డాక్టర్‌కు చూపించండి. ఆఫీసు ప్రాంగణంలో పెట్టే ఉచిత డెంటల్ క్యాంపులను కూడా సమస్య ఉందో లేదో తెలుసుకోవడానికి వాడుకోండి. అక్కడికక్కడ ప్యాకేజీ మీద సంతకం పెట్టాల్సిన తొందర ఎవరికీ ఉండదు.

మీకున్న బీపీ, షుగర్, గుండె జబ్బు, అలర్జీలు, వాడే మందులు అన్నీ చెప్పండి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు పన్ను తీయించుకునేముందు సొంతంగా వాటిని ఆపడం ప్రమాదం. గుండె డాక్టర్, డెంటిస్ట్ మాట్లాడుకుని చెప్పినట్టే చేయండి. పన్ను తీయించుకున్నాక రెండు మూడు రోజులు సిగరెట్, స్ట్రా, గట్టిగా ఉమ్మడం మానాలి. లేకపోతే గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి, ఎముక బయటపడి, అసలు నొప్పికంటే ఎక్కువ నొప్పి వస్తుంది.

నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు పన్ను తయారయ్యేటప్పుడే పడతాయి. ఎంత తోమినా పోవు. ఇంటర్వ్యూ ఉందని బొగ్గుపొడి, ఉప్పు, గరుకు పళ్లపొడితో రుద్దితే మచ్చ ఉంటుంది, ఎనామిల్ పోతుంది. పైపొర కొద్దిగా రుద్దడం, ఫిల్లింగ్ పూత, వెనీర్ల లాంటి పద్ధతులు డాక్టర్ దగ్గర ఉన్నాయి. తక్కువ అరగదీసే పద్ధతితో మొదలుపెట్టమని అడగండి.

డబ్బు సంగతి

కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకునేముందు పాలసీ చదవండి. ఎక్కువ పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. ప్రమాదంలో పళ్లు దెబ్బతింటే తప్ప డెంటల్ చికిత్సను మినహాయిస్తాయి. ఓపీడీ కవర్ ఉంటే అందులో డెంటల్‌కు ఎంత పరిమితి ఉందో హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, ఈఎస్‌ఐ కిందికి వచ్చే సంస్థలో పనిచేస్తుంటే జీతంలో 0.75 శాతం మీ వాటాగా, 3.25 శాతం యజమాని వాటాగా కడుతున్నారు. కడుతున్న డబ్బుకు వైద్యం తీసుకోవడం మీ హక్కు. మీ డిస్పెన్సరీ నుంచి డెంటల్ విభాగం ఉన్న ఈఎస్‌ఐ ఆస్పత్రికి రిఫరల్ రాయించుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు తమ హెల్త్ స్కీములో డెంటల్ చికిత్సలు ఏవి ఉన్నాయో, ఏ ఆస్పత్రులు జాబితాలో ఉన్నాయో ముందే చూసుకోవాలి.

చేతిలో డబ్బు తక్కువైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రులు ఉన్నాయి. ప్రైవేట్ డెంటల్ కాలేజీల్లోనూ ఫీజులు క్లినిక్‌ల కంటే బాగా తక్కువ. అక్కడ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి సిట్టింగులు ఎక్కువ, వేచి ఉండే సమయం ఎక్కువ. వారాంతం కాని రోజు సెలవు దొరికేవాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు అది మంచి దారి.

ఆన్‌సైట్, గల్ఫ్ వెళ్లేముందు

వీసా వచ్చాక సూట్‌కేసు కొంటారు, పళ్లు మరిచిపోతారు. అమెరికాలో డెంటల్ ఇన్సూరెన్స్ వేరుగా ఉంటుంది, దానికీ ఏడాది పరిమితి ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ సాధారణంగా అత్యవసర నొప్పి నివారణకే ఇస్తుంది. గల్ఫ్‌లో కొన్ని ప్రాథమిక పాలసీల్లో పళ్ల వైద్యం ఉండదు.

ప్రయాణానికి రెండు నెలల ముందు మొత్తం పళ్ల ఎక్స్‌రే, చెకప్ చేయించండి. మొదటి రెండు వారాల్లో స్కేలింగ్, ఫిల్లింగులు. తర్వాతి మూడు వారాల్లో రూట్ కెనాల్, క్యాప్. ఇబ్బంది పెడుతున్న జ్ఞానదంతం తీయించాలంటే కనీసం మూడు నాలుగు వారాల ముందు. చివరి వారంలో ఏదీ పెట్టుకోవద్దు. సగం చేసిన రూట్ కెనాల్‌తో విమానం ఎక్కితే గాలి పీడనం మార్పుకు పన్ను సలపవచ్చు. ఎక్స్‌రేలు, చికిత్స వివరాలు ఫోన్‌లో పెట్టుకోండి. మూడు వారాల సెలవు మీద ఇండియా వచ్చేవాళ్లు దిగిన మొదటి రెండు రోజుల్లోనే డాక్టర్‌ను కలవాలి. మూడు వారాల్లో రూట్ కెనాల్, క్యాప్ అవుతాయి. ఇంప్లాంట్ మొత్తం సాధారణంగా అవ్వదు.

ఆగకూడని సందర్భాలు

దవడ కింద గానీ మెడ వైపు గానీ వాపు, జ్వరం, మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం వస్తే క్లినిక్ కోసం చూడకుండా పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. పంటి ఇన్‌ఫెక్షన్ గొంతు దాకా పాకితే ప్రాణాపాయం. కింది దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండె నొప్పి కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

బైక్ మీద నుంచి పడి పెద్దవాళ్ల పన్ను వేరుతో సహా ఊడివస్తే దాన్ని పారేయకండి. వేరును ముట్టుకోకుండా, తెల్లటి భాగం పట్టుకోండి. మట్టి ఉంటే పాలతోనో మంచినీళ్లతోనో ఒక్కసారి కడిగి, పాలలో వేసుకుని వెళ్లండి. అరగంటలో డాక్టర్‌ను చేరితే తిరిగి నిలబెట్టే అవకాశం బాగా ఉంటుంది.

రోజూ చేయాల్సింది

మెత్తటి బ్రష్, 1,000 నుంచి 1,500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. ఉదయం, పడుకునే ముందు, రెండేసి నిమిషాలు. చిగురు అంచు దగ్గర బ్రష్‌ను కొద్దిగా వంచి, మెల్లగా తోమాలి. గట్టిగా రుద్దితే పంటి మొదట్లో గాడి పడుతుంది. తోమాక నురుగు ఉమ్మేయండి, నీళ్లతో పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. పంటి సందులకు బ్రష్ చేరదు, రోజుకొకసారి ఫ్లాస్ గానీ సందుల బ్రష్ గానీ వాడండి. గుండుసూదులు, పిన్నులు సందుల్లో పెట్టకండి. మూడు నెలలకోసారి బ్రష్ మార్చండి.

ఈ రోజే ఫోన్ క్యాలెండర్‌లో ఆరు నెలలకోసారి డెంటల్ చెకప్ అని పెట్టుకోండి. ఆ గంటను కూడా ఆఫీసు మీటింగ్‌ లాగే పరిగణించండి. ఈ మధ్యలో ఏ పన్నయినా చల్లనిదానికి జివ్వుమంటే, ఆ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీరు టీమ్ నడిపేవాళ్లయితే ఇంకో మాట. పంటి నొప్పి అని ఎవరైనా ఒక గంట అడిగితే ఇచ్చేయండి. ఆ గంట ఇవ్వకపోతే తర్వాత మూడు రోజులు ఇవ్వాల్సి వస్తుంది.